ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించినా జీపు హీటెక్కుతోందా? రేడియేటర్ విప్పే ముందు ఎర్త్ (కరెంట్ బ్యాటరీ నెగెటివ్‌కి తిరిగొచ్చే దారి) చూడండి

మహీంద్రా ఎంఎం 540 లాంటి పాత జీపులకి బెల్టు ఫ్యాన్ పీకేసి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించుకుని, వారం తిరక్కుండా "అన్నా టెంపరేచర్ ముల్లు పైకెళ్ళిపోతోంది, రేడియేటర్ మార్చేయమంటున్నారు" అని ఫోన్ చేసేవాళ్ళు నాకు నెలకి ఇద్దరైనా తగుల్తారు. ఫ్యాన్ తిరిగేటప్పుడు దాని దగ్గర ఎన్ని వోల్టులు వస్తున్నాయి అని అడిగితే ఒక్కడు చెప్పడు, "తిరుగుతోంది కదన్నా" అంటాడు. తిరగడం వేరు, గాలి లాగడం వేరు నాయనా.

నీళ్ళు, బెల్టు టైటు, హోస్ పైపు క్లాంపులు ఇవన్నీ చూసేసే వచ్చారనుకుంటున్నా.

ఫ్యాన్ అసలు తిరగట్లేదు

రేడియేటర్ దగ్గర థర్మో స్విచ్ (నీళ్ళు వేడెక్కితే ఫ్యాన్ ఆన్ చేసేది) వైర్లు రెండూ పీకి ఒకదానికొకటి ముట్టించండి. ఫ్యాన్ తిరిగితే స్విచ్ పోయినట్టు, లేదా స్విచ్ ఉన్న చోట గాలి బుడగ పట్టి వేడి నీళ్ళు దానికి తగలట్లేదు, చల్లారాక మూత తీసి గాలి పోయేదాకా నీళ్ళు నింపండి. తిరగకపోతే ఫ్యూజు చూడండి, తర్వాత రిలే (చిన్న కరెంట్‌తో ఫ్యాన్ పెద్ద కరెంట్‌ని ఆన్ చేసే స్విచ్). రిలేలో 30 నంబర్ పిన్నుకి బ్యాటరీ, 87 నుంచి ఫ్యాన్, 85, 86 కాయిల్ వి, అంతే.

ఆగకుండా తిరుగుతూనే ఉంది

ఇంజిన్ నీళ్ళని రేడియేటర్‌కి వదిలే థర్మోస్టాట్ వాల్వు 82 డిగ్రీలకి తెరుచుకునేది ఉండి, స్విచ్ కూడా 82కే ఆన్ అయ్యేది పెడితే ఇంక అది ఎప్పుడు ఆగాలి? 92కి ఆన్ అయ్యి 87కి ఆఫ్ అయ్యేది అడిగి తెచ్చుకోండి. ఇంకోటి, మనోళ్ళకి బండి కొంచెం హీటెక్కితే చాలు థర్మోస్టాట్ పీకి పారేసే జబ్బు ఒకటుంది, పీకేసుంటే ముందు కొత్తది వేయించండి.

ఊళ్ళో బానే ఉంది, హైవే ఎక్కితే హీట్

60 కిలోమీటర్ల స్పీడులో పోతుంటే ఎదురుగాలే రేడియేటర్ని చల్లార్చుద్ది, ఫ్యాన్‌తో పెద్దగా పనిలేదు. అప్పుడు హీటెక్కుతుందంటే రేడియేటర్ కోర్ (లోపలి సన్న గొట్టాలు) చోక్ అయినా అయ్యుండాలి, లేదంటే ఫ్యాన్ ఎదురు తిరుగుతూ, వచ్చే గాలిని ముందుకి తోస్తుండాలి. ఫ్యాన్ ఆన్ చేసి గ్రిల్ ముందు ఒక న్యూస్ పేపర్ ముక్క పెట్టండి, అతుక్కోవాలి. ఎగిరి మొహం మీద పడిందా, వైర్లు రెండూ తిరగేయండి.

ట్రాఫిక్‌లో, ఘాట్‌లో హీట్, ఫ్యాన్ ఆన్ అవ్వగానే ముల్లు ఎగురుతోంది

నేను రెండు నెలలు తన్నుకున్నది దీంతోనే. మా జీపుకి అంతకుముందే టింకరింగ్, పెయింటింగ్ చేయించా, ఛాసిస్‌కి కూడా నల్ల రంగు మెరిసేలా కొట్టించా, అదే కొంప ముంచింది. ఫ్యాన్ పెట్టాక మే నెలలో మారేడుమిల్లి ఘాట్ సెకండ్ గేర్లో ఎక్కుతుంటే ముల్లు ఎర్ర గీత దగ్గరికి పోయేది. థర్మోస్టాట్ మార్చా, వాటర్ పంపు మార్చా, రేడియేటర్ విప్పి రాడింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం చేయడం) చేయించా, ఏం చేసినా అదే కథ.

ఒకరోజు ఇంటి ముందు ఐడిల్‌లో పెట్టి బోనెట్ తెరిచి చూస్తుంటే ఫ్యాన్ టక్ మని ఆన్ అయ్యింది, అదే క్షణంలో ముల్లు రెండు గీతలు పైకెగిరింది, ఫ్యాన్ ఆగగానే మళ్ళీ కిందికొచ్చింది. నీళ్ళు ఒక్క సెకన్‌లో అంత వేడెక్కవు కదా, అప్పుడు వెలిగింది బుర్రలో.

మా జీపులో బ్యాటరీ నెగెటివ్ కేబుల్ నేరుగా ఇంజిన్‌కి పోతుంది, ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి ఒక అల్లిన రాగి పట్టీ. ఆ పట్టీ బోల్టు కింద పెయింట్. ఫ్యాన్ ఎర్త్ బాడీకి ఇచ్చారు, కాబట్టి ఫ్యాన్ లాగే పది పన్నెండు ఆంపియర్లు మొత్తం ఆ రంగు పూసిన జాయింట్ లోంచే వెనక్కి రావాలి, రాలేక అక్కడ వోల్టేజ్ పడిపోయింది. దాంతో ఫ్యాన్ నీరసంగా తిరిగి నిజంగానే హీట్ పెరిగింది, దానికి తోడు టెంపరేచర్ మీటర్ ఎర్త్ బాడీది, సెండర్ (ఇంజిన్ వేడిని మీటర్‌కి చెప్పే సెన్సర్) ఎర్త్ ఇంజిన్‌ది, మధ్యలో వోల్టు పైనే తేడా ఉంటే ముల్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపించింది.

ఈ లోపం ఇన్నాళ్ళు దొరక్కుండా ఎలా తిరిగిందంటే, సెల్ఫ్ (స్టార్టర్ మోటార్) కరెంట్ బ్యాటరీ నుంచి ఇంజిన్ మీదుగా పోతుంది, దానికీ పట్టీకీ సంబంధం లేదు, బండి ఒక్క కొట్టుడికి స్టార్ట్ అయ్యేది, ఎర్త్ మీద అనుమానం ఎవడికొస్తుంది? లైట్లు కొంచెం డల్‌గా ఉండేవి, పాత జీపు ఇంతేలే అనుకున్నా. ఎలక్ట్రీషియన్ టెస్ట్ లాంప్ పెడితే వెలిగింది, మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెడితే బీప్ కొట్టింది. చిన్న కరెంట్‌కి ఆ జాయింట్ చాలు, లోడ్ పడితేనే చేతులెత్తేస్తుంది. అందుకే లోడ్ లేకుండా చేసే ఏ టెస్టూ దీనికి పనికిరాదు.

టెస్ట్ ఇలా చేయండి. ఇంజిన్ ఆన్‌లో, ఫ్యాన్ తిరుగుతుండగా, మల్టీమీటర్ డీసీ 20 వోల్ట్ రేంజ్‌లో పెట్టి నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగెటివ్ పోస్ట్ మీద (క్లాంపు మీద కాదు, పోస్ట్ మీద), ఎర్ర ప్రోబ్ ఫ్యాన్ నెగెటివ్ వైరు మీద. 0.2, 0.3 దాటితే ఎర్త్ బాలేదు, నాది 1.4 చూపించింది. ఇదే పని పాజిటివ్ వైపు కూడా చేయండి, రెండూ కలిపి అర వోల్టు దాటకూడదు. మల్టీమీటర్ లేదా? జంపర్ కేబుల్ ఒకటి బ్యాటరీ నెగెటివ్ నుంచి ఛాసిస్‌లో రంగులేని బోల్టుకి పట్టించండి, ముల్లు దిగి ఫ్యాన్ సౌండ్ పెరిగిందంటే దొంగ దొరికినట్టే. రెండు నిమిషాల పని.

రిపేరు కూడా చవకే. పట్టీ రెండు చివర్లా రంగు, తుప్పు ఎమరీ పేపర్‌తో తెల్ల ఇనుము కనపడేదాకా గీకి, స్టార్ వాషర్ వేసి బిగించి, పైన వాజలిన్ రాయండి. పట్టీ పచ్చగా చిలుము పట్టి తెగుతుంటే కొత్తది వేయండి. ఫ్యాన్ నెగెటివ్ మాత్రం బాడీకి వద్దు, 4 స్క్వేర్ ఎంఎం వైరుతో నేరుగా బ్యాటరీకి లాగండి. వైరు చివర వేసే థింబుల్‌ని ప్లయర్‌తో నొక్కి వదిలేయకుండా సరైన క్రింపింగ్ టూల్‌తో కొట్టించండి. ఇదంతా అయ్యాక నా మల్టీమీటర్ 0.1 చూపించింది.

మిగతావి

ఎర్త్ బాగున్నా లైట్లూ ఫ్యానూ కలిసి వేస్తే బ్యాటరీ దిగిపోతుంటే డైనమో చాలట్లేదు, పెద్దది వేయించుకోండి. ఫ్యాన్ చుట్టూ ష్రౌడ్ (గాలి మొత్తం కోర్ లోంచే లాగేలా చేసే తొడుగు) లేకపోతే రెక్కల ముందున్న కోర్ మాత్రమే చల్లారుద్ది, రేకుతో అయినా చేయించండి. హెడ్ గ్యాస్కెట్ పోతే రేడియేటర్లో బుడగలు ఆగకుండా వస్తాయి, అది ఫ్యాన్ గొడవ కాదు, మెకానిక్ దగ్గరికి పొండి. రిలే కాయిల్ కాలిపోవడాలు అవీ నేను చూసింది ఒకటో రెండో.

ఫోన్ చేసే ముందు ఆ 0.3 రీడింగ్ చూసి చేయండి, నంబర్ చెప్తే మిగతాది మాట్లాడుకుందాం.