వాటర్‌ఫాల్ మీద దొంగ గీతలు: క్యాంపస్‌లో రేడియో సిగ్నళ్లు గుర్తుపట్టేటప్పుడు వచ్చే చిక్కులు

రేడియో సిగ్నళ్లు పట్టే చిన్న యూఎస్బీ డాంగిల్‌ను ల్యాప్‌టాప్‌కి గుచ్చి యాంటెన్నా కిటికీలో పెట్టగానే తెర మీద జారే సిగ్నళ్ల పటం, అంటే వాటర్‌ఫాల్, నిండా గీతలు వస్తాయి. ఏది ఏ స్టేషనో రాసుకోవాలని చెయ్యి ఊరుతుంది. కాస్త ఆగండి. ఆ గీత నిజంగా గాలిలోంచి వచ్చిందా, మన పెట్టెలోనే పుట్టిందా అన్నది ముందు తేలాలి. కింద చెప్పేవన్నీ ఆర్820టీ2 ట్యూనర్ (కావలసిన ఫ్రీక్వెన్సీని పట్టే చిప్) ఉన్న మామూలు ఆర్టీఎల్-ఎస్డీఆర్ డాంగిల్‌కి వర్తిస్తాయి. ఉదాహరణలు హైదరాబాద్‌వి, ముఖ్యంగా గచ్చిబౌలి వైపువి.

యాంటెన్నా పీకేసినా గీత పోవడం లేదు

అయితే అది డాంగిల్ సొంత సరుకే. లోపలి క్రిస్టల్ 28.8 మెగాహెర్ట్జ్‌ది. దాని గుణిజాలన్నిటి దగ్గరా, అంటే 57.6, 86.4, 115.2, 144.0 దగ్గర, సన్నటి గీత నిలబడుతుంది. మాట ఉండదు, పాట ఉండదు, కదలదు. 144.0 సరిగ్గా హ్యామ్ (సరదాగా రేడియో నడిపేవాళ్ల) బ్యాండ్ మొదట్లో పడుతుంది కాబట్టి కొత్తవాళ్లు తేలిగ్గా మోసపోతారు. నేనైతే దాన్ని నోట్‌బుక్‌లో "బీకన్" (గుర్తు కోసం పలుకుతూ ఉండే స్టేషన్) అని రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టాను. దీనికి మందంటూ లేదు. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకుని, అక్కడ ఏది కనిపించినా ముందు యాంటెన్నా పీకి చూడటమే.

విమానాల బ్యాండ్‌లో సినిమా పాట వస్తోంది

ఎక్కువమందిని తికమక పెట్టేది ఇదే. 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ దాకా పైలట్లు, కంట్రోల్ టవర్ మాట్లాడుకునే చోటు. అక్కడ వాడేది ఏఎం. అదే చోట ఎఫ్ఎం మోడ్‌లో పెడితే పాట వినిపిస్తోందంటే అనుమానించాల్సిందే.

కారణం లెక్కలోనే దొరుకుతుంది. నగరంలో 91.1, 106.4 స్టేషన్లు రెండూ బలంగా వస్తాయి. 106.4ను రెట్టింపు చేసి 91.1 తీసేస్తే 121.7. గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) మరీ ఎక్కువైతే ట్యూనర్ ఈ రెండిటినీ కలిపేసి, గాలిలో లేని మూడోదాన్ని 121.7 దగ్గర తయారుచేస్తుంది. చెవికీ ఒక గుర్తు ఉంది: రెండు స్టేషన్లూ ఒకదాని మీద ఒకటి వినిపిస్తాయి. లెక్కలో రెట్టింపైన 106.4 గొంతు గట్టిగా, పగిలినట్టు ఉంటుంది.

తేల్చుకోవడానికి గెయిన్ 10 డీబీ (డెసిబెల్, సిగ్నల్ బలం కొలత) తగ్గించండి. నిజమైన సిగ్నల్ కూడా 10 డీబీనే దిగుతుంది. కలగలుపు సరుకైతే సుమారు 30 డీబీ పడిపోతుంది, అంటే తెరమీంచి దాదాపు మాయమే. కాబట్టి ఆటో గెయిన్ ఆపేసి చేత్తో పెట్టుకోండి. అప్పటికీ వదలకపోతే 88-108ని అడ్డుకునే ఎఫ్ఎం ఫిల్టర్ ఒకటి యాంటెన్నాకీ డాంగిల్‌కీ మధ్య పెట్టాలి.

డాంగిల్ కాకుండా పాతకాలపు స్కానర్ వాడుతున్నారా? దాని ఐఎఫ్ (లోపల సిగ్నల్‌ను మార్చుకునే మధ్య ఫ్రీక్వెన్సీ) 10.7 మెగాహెర్ట్జ్ అయితే దెయ్యం, అంటే దొంగ సిగ్నల్, వేరే చోట వస్తుంది. 119.7 దగ్గర పాట వింటుంటే అందులోంచి 10.7కి రెట్టింపు, అంటే 21.4 తీసెయ్యండి. 98.3 వస్తుంది. అది రేడియో మిర్చిదని చెప్పక్కర్లేదు కదా.

క్యాంపస్ రేడియో 90.4 సరిగ్గా రావడం లేదు

హైదరాబాద్ విశ్వవిద్యాలయం వారి బోల్ హైదరాబాద్‌ది 90.4. మన దేశంలో కమ్యూనిటీ రేడియోకి మామూలుగా 100 వాట్లకు మించి అనుమతి ఉండదు. పెద్ద స్టేషన్లు కిలోవాట్లలో నడుస్తాయి. పైగా 91.1 ఉన్నది 0.7 మెగాహెర్ట్జ్ దూరంలోనే. ఆ హోరులో ఈ చిన్న గొంతు నలిగిపోతుంది.

ఇందాక చెప్పిన ఎఫ్ఎం ఫిల్టర్ ఇక్కడ పెట్టారో, 90.4 కూడా ఎగిరిపోతుంది. అది తీసేసి గెయిన్ తగ్గించండి. ఒక్కో కొమ్ము 79 సెంటీమీటర్లు ఉండేలా డైపోల్ (రెండు కొమ్ముల యాంటెన్నా) కట్టి, నెమ్మదిగా తిప్పుతూ వినండి. డైపోల్ మొన పెద్ద టవర్ వైపు తిరిగినప్పుడు దాని జోరు తగ్గి, మనకు కావలసింది పైకి తేలుతుంది.

ఇక్కడే ఇంకో ఉచ్చు. జహీరాబాద్ వైపు సంఘం రేడియోది కూడా 90.4. చెన్నైలో 2004లో మొదలైన అన్నా ఎఫ్ఎం కూడా అంతే. ఎఫ్ఎంలో బలమైన సిగ్నల్ రెండోదాన్ని పూర్తిగా మింగేస్తుంది. ముంబై హైవే మీద వెళ్తూ రాసుకునేవాళ్లు అంకె చూసి పేరు రాసెయ్యకండి, స్టేషన్ పేరు చెప్పేదాకా ఆగండి.

మీడియం వేవ్ మొత్తం బుర్రుమంటోంది

ఈ డాంగిల్ ట్యూనర్ 24 మెగాహెర్ట్జ్ కిందికి దిగదు కాబట్టి దీనికి పాకెట్ రేడియో తీసుకోండి. ఆకాశవాణి హైదరాబాద్ 738, 1377 కిలోహెర్ట్జ్‌లు. మన వైపు మీడియం వేవ్ స్టేషన్లన్నీ 9 కిలోహెర్ట్జ్ ఎడంతో, 9 గుణిజాల మీదే ఉంటాయి. అంకెలు కూడి చూడండి: 7, 3, 8 కలిపితే 18, అది తొమ్మిది గుణిజమే. విజయవాడ 837, విశాఖ 927 కూడా అంతే. కూడితే తొమ్మిది లెక్కకు రాని చోట గోల ఉందంటే, అది స్టేషన్ కాదు, ఏ ఛార్జరో ఎల్ఈడీ బల్బో.

ల్యాప్‌టాప్ అడాప్టర్ తీసేసి చూడండి. తర్వాత రేడియో చేత్తో పట్టుకుని గది తిరగండి. రేడియోలోని ఫెరైట్ కడ్డీ (లోపలి యాంటెన్నా) మొన గోల పుట్టే వైపు తిరిగినప్పుడు శబ్దం బాగా తగ్గుతుంది. అలా వెతికితే మాకు దొరికిన దొంగ, తిప్పే రకం పాత ఫ్యాన్ రెగ్యులేటర్. రెండు మీద ఉంటే బుర్రు, ఫుల్ పెడితే నిశ్శబ్దం. ఆ వేసవంతా ఫ్యాన్ ఫుల్‌లోనే తిరిగింది, కాగితాలు ఎగిరాయి.

పగలు లేని స్టేషన్లు రాత్రి వస్తున్నాయి

రేడియో బాగానే ఉంది. పగలు మీడియం వేవ్‌ని పీల్చేసే, పై వాతావరణంలోని అయనోస్ఫియర్ డీ పొర చీకటి పడితే పోతుంది, దూరపు కేంద్రాలు వినిపిస్తాయి. స్థానిక జాబితా పగలే రాసుకోండి.

సెల్ టవర్ ఎదురుగా ఉన్నా 1800 బ్యాండ్ ఖాళీ

ఈ ట్యూనర్ 1766 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. 935-960 మధ్య, అంటే 900 బ్యాండ్‌లో చూడండి, కనిపిస్తుంది.

865-868 మధ్య టప్పుటప్పుమని మెరుపులు

మన దేశంలో తక్కువ పవర్‌తో లైసెన్స్ లేకుండా వాడుకోగల బ్యాండ్ ఇది. సెన్సర్లు క్షణకాలం పలికి ఊరుకుంటాయి. ఎవరివో తేలకపోతే సమయం మాత్రం రాసుకుని వదిలేయండి. వైర్‌లెస్ సెట్లలో మాటలు దొరికితే మటుకు రికార్డు చేసి గ్రూపుల్లో పెట్టకండి.