నవలలో మనసును చదవడం – 4వ పాఠం: హోల్డెన్ చేయని ఫోను

కథకుడు చెప్పే మాటకూ చేసే పనికీ మధ్య ఉండే దూరాన్ని గుర్తించడం గత పాఠంలో సాధన చేశాము. ఈసారి ఆ నేర్పును మరింత కష్టమైన చోట, తన దుఃఖాన్ని సగం చెప్పి సగం దాచుకునే పదహారేళ్ల కుర్రవాడి దగ్గర, ప్రయోగించి చూద్దాము. నవల 1951లో వెలువడిన జె.డి. శాలింజర్ రచన ‘ది క్యాచర్ ఇన్ ద రై’. కుర్రవాడు హోల్డెన్ కాల్‌ఫీల్డ్. నాలుగు సబ్జెక్టులు తప్పి, క్రిస్మస్ సెలవులకు ముందే బడి నుంచి బహిష్కృతుడై, ఇంటికి వెళ్లే ధైర్యం లేక న్యూయార్క్‌లో తిరుగుతుంటాడు.

తనకు దిగులుగా ఉందని హోల్డెన్ అడుగడుగునా చెబుతూనే ఉంటాడు. ఆ మాట అంత తరచుగా వస్తుంది కనుకనే కాసేపటికి పాఠకుడు దాన్ని పట్టించుకోవడం మానేస్తాడు. అందువల్ల దాన్ని వెతకడం మన సాధన కాదు. అతడు మరొక మనిషిని చేరుకోవాలని చేసిన ప్రతి ప్రయత్నం పక్కన పెన్సిలుతో గీత గీయండి. ఆ ప్రయత్నం ఎక్కడ ఆగిందో, ఆపింది అవతలివారో అతడో, పక్కనే రాసుకోండి.

9వ అధ్యాయంతో మొదలుపెట్టండి. రైలు దిగగానే హోల్డెన్ ఎవరితోనైనా మాట్లాడాలని టెలిఫోన్ బూత్‌లోకి వెళతాడు. అన్న హాలీవుడ్‌లో ఉన్నాడు, చెల్లెలు ఫీబీ ఈపాటికి నిద్రపోయి ఉంటుంది, ఒక స్నేహితురాలి తల్లికి తానంటే పడదు, మరొక పరిచయస్థుడు తనకే అంతగా నచ్చడు. ఇలా ఒక్కొక్క పేరూ తలచుకుని, ఒక్కొక్కదానికీ కారణం చెప్పుకుని, సుమారు ఇరవై నిమిషాల తర్వాత ఎవరికీ ఫోను చేయకుండానే బయటికి వస్తాడు. విడివిడిగా చూస్తే ప్రతి కారణమూ సబబుగానే కనిపిస్తుంది. వరుసగా చదివినప్పుడు మాత్రం తలుపులన్నీ లోపలి నుంచే మూసుకుంటున్నాయని తెలుస్తుంది. వెంటనే టాక్సీ ఎక్కి, అలవాటు కొద్దీ డ్రైవరుకు తన ఇంటి చిరునామాయే చెబుతాడు. పరధ్యానమని తనను తాను నిందించుకుని ముందుకు సాగిపోతాడు కాని, మీరు అక్కడ ఆగండి. ఇంటికి వెళ్లకూడదని అతడు నిశ్చయించుకున్నాడు, నోరు మాత్రం ఇంటి పేరే చెప్పింది. కాసేపటికి ఆ అపరిచిత డ్రైవరునే తనతో కలిసి తాగడానికి పిలుస్తాడు. 12వ అధ్యాయంలో మరో డ్రైవరునూ అలాగే పిలుస్తాడు. ఇద్దరూ కాదంటారు. హోల్డెన్‌ను ఊరికే సణిగే కుర్రవాడని కొట్టిపారేసేవారు ఈ పుటలను తొందరగా దాటి ఉంటారని నా నమ్మకం.

ఈ ఒంటరితనానికి వెనుక ఒక మరణం ఉంది. తమ్ముడు ఆలీ 1946 జులై 18న లుకేమియాతో చనిపోయాడు. ఆ రాత్రి పదమూడేళ్ల హోల్డెన్ గ్యారేజీ కిటికీల అద్దాలన్నీ పిడికిలితో పగలగొట్టాడు. ఈ సంగతి ఎప్పుడు బయటపడిందో గమనించండి. 5వ అధ్యాయంలో తోటి విద్యార్థి కోసం ఏదైనా గదినో ఇంటినో వర్ణించే వ్యాసం రాయవలసి వస్తే, ఆలీ ఆకుపచ్చ సిరాతో కవితలు రాసుకున్న బేస్‌బాల్ గ్లవ్‌ గురించి రాస్తాడు. పరాయి పని మధ్యలో దుఃఖం ఇలా చొరబడే చోట్లకు పుట అంచున వేరే గుర్తు పెట్టుకోండి. హోల్డెన్‌కు ఏ జబ్బు ఉందో నవల పేరు పెట్టి చెప్పదు. మీరూ చెప్పే ప్రయత్నం చేయవద్దు, ఎందుకంటే పేరు దొరికిన క్షణం నుంచి పాఠకుడు గమనించడం ఆపేస్తాడు.

వచ్చే పాఠానికి అభ్యాసం 25వ అధ్యాయం. ఫిఫ్త్ అవెన్యూలో రోడ్డు దాటబోయే ప్రతిసారీ అవతలి గట్టుకు చేరనేమోనన్న భయం హోల్డెన్‌ను పట్టుకుంటుంది. అప్పుడు అతడు ఎవరిని పిలుస్తాడో, చేరాక ఎవరికి కృతజ్ఞత చెబుతాడో గుర్తించండి. ఆ పిలుపును టెలిఫోన్ బూత్ దృశ్యంతో పోల్చి, ‘దిగులు’, ‘ఒంటరి’ అన్న మాటలు వాడకుండా పది వాక్యాలు రాయండి.