హైదరాబాదు ఇంటి పచ్చికకు గడ్డి కోసే రోబోను ఎంచుకోవడం

గడ్డి కోసే రోబోను కొనాలనుకున్నవారు దుకాణానికి వెళ్లేముందు ఒక కొలత టేపు, ఒక తెల్లకాగితం తీసుకుని ఒక సాయంత్రం తమ పెరట్లో గడపాలి. మన ఊళ్లో స్థలాన్ని గజాల్లో చెప్పుకుంటాం, యంత్రాల పెట్టెల మీద మాత్రం చదరపు మీటర్లు ఉంటాయి. ఒక చదరపు గజం 0.836 చదరపు మీటరుకు సమానం. 500 గజాల స్థలంలో ఇల్లు, కారు నిలిపే చోటు, బోరు, సంపు, చుట్టూ సిమెంటు బాట పోగా గడ్డికి మిగిలేది 120 గజాలే కావచ్చు, అంటే సుమారు 100 చదరపు మీటర్లు. మొయినాబాదు, శంకరపల్లి వైపు ఫామ్‌హౌస్‌లో ఒక ఎకరం పచ్చిక అంటే 4,840 గజాలు, దాదాపు 4,047 చదరపు మీటర్లు. ఈ రెండు ఇళ్లకూ ఒకే యంత్రం పనికిరాదు. గడ్డి 60 గజాలకు మించని ఇంటికి నా అభిప్రాయంలో రోబోయే అక్కర్లేదు. చేత్తో తోసే మొవర్‌తో ఇరవై నిమిషాల్లో పని అయిపోతుంది, దానికి చార్జింగ్ గొడవ ఉండదు.

కాగితం మీద పెరటి బొమ్మ గీసి, గడ్డి ఎన్ని ముక్కలుగా ఉందో, ఒక ముక్క నుంచి మరొక ముక్కకు పోయే దారి ఎంత వెడల్పుగా ఉందో, చెట్లు, తులసికోట, ఊయల స్తంభాలు, సంపు మూత ఎక్కడున్నాయో, కరెంటు ప్లగ్గు ఏ గోడకు ఉందో గుర్తు పెట్టుకోవాలి. ఇంటి పక్క సందు ఒక మీటరుకు తగ్గకపోతే సాధారణంగా ఇబ్బంది ఉండదు. అంతకంటే ఇరుకైతే ఆ నమూనాకు కావలసిన కనీస వెడల్పు ఎంతో అడిగి తెలుసుకోవాలి. ముందు పచ్చికకూ వెనుక పచ్చికకూ నడుమ మెట్లు ఉంటే రోబో వాటిని ఎక్కలేదు, రోజూ ఎవరో ఒకరు మోయవలసి వస్తుంది. పెట్టె మీద రాసిన విస్తీర్ణం ఆ యంత్రం ఖాళీ లేకుండా తిరిగితే చేయగలిగిన గరిష్ఠ పని అని గ్రహించి, మీ పచ్చిక కంటే కనీసం మూడో వంతు ఎక్కువ సామర్థ్యమున్నదాన్ని తీసుకోవడం మేలు. మన వానాకాలంలో గరిక ఎంత వేగంగా పెరుగుతుందో చూసినవారికి దీని కారణం వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడ రోబో పని తీరు కొంత తెలుసుకోవాలి. స్వీడన్‌కు చెందిన హస్క్‌వర్నా సంస్థ 1995లో సౌరశక్తితో నడిచే రోబోను అమ్మకానికి తెచ్చిన నాటి నుంచి నేటి వరకు ఈ యంత్రాల సూత్రం ఒక్కటే: పెరిగిన గడ్డిని ఒక్కసారిగా నరకకుండా, తరచూ తిరుగుతూ కొసలను కొద్దికొద్దిగా కత్తిరించడం. ఆ సన్నని ముక్కలు అక్కడే రాలి, కుళ్లి, నేలకు తిరిగి నత్రజనిని ఇస్తాయి కాబట్టి గడ్డిని ఎత్తి పారేసే పని ఉండదు. ఒక కోతలో ఆకు ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదన్నది పచ్చిక పెంపకంలో పాత నియమం. పదిహేను రోజులకు ఒకసారి వచ్చే మాలి దాన్ని పాటించడం వానల్లో సాధ్యం కాదు, అందుకే కోసిన మరునాడు పచ్చిక పసుపు పచ్చని మోడులా కనబడుతుంది. రోబోతో కలిగే అసలు లాభం ఇదే. అయితే తుంగను పీకడం, వయ్యారిభామ మొక్కలను తీయడం, గోడ పక్కన మిగిలే బెత్తెడు గడ్డిని కత్తిరించడం దానికి చేతకావు, కాబట్టి మాలిని పూర్తిగా మాన్పించాలన్న ఆలోచనతో రోబో కొనేవారు తరవాత చిన్నబుచ్చుకుంటారు. గోడ పొడవునా పచ్చిక మట్టానికే ఒక వరుస రాళ్లు పరిస్తే యంత్రం చక్రం వాటి మీద నడిచి, అంచు గడ్డి చాలావరకు కోతలోకి వస్తుంది.

గడ్డి జాతిని బట్టి కోత ఎత్తు మారుతుంది. నర్సరీల్లో బెర్ముడా అని అమ్మే గరిక జాతి గడ్డి 25 నుంచి 40 మిల్లీమీటర్ల ఎత్తులో బాగుంటుంది. నీడలో పెంచే వెడల్పాకు గడ్డికి అంతకంటే ఎక్కువ ఎత్తు వదలాలి. మెక్సికన్ గ్రాస్ అని పిలిచే మెత్తని సన్నాకు గడ్డితోనే చిక్కు ఎక్కువ. అది కొన్నాళ్లు వదిలేస్తే పరుపులా ఉబ్బి గుబ్బలు కడుతుంది, తక్కువ ఎత్తులో పెట్టిన రోబో అడుగుభాగం ఆ గుబ్బల మీద ఆనుకుని చక్రాలు గాలిలో తిరుగుతాయి. అలాంటి పచ్చికను ముందు మాలి చేత చదును చేయించి, తరవాతే రోబోకు అప్పగించాలి. ఎత్తును ఎండాకాలంలో పెంచి వానాకాలంలో తగ్గించుకోవలసి ఉంటుంది కాబట్టి, సులువుగా మార్చుకునే వీలుందో లేదో కొనేముందే చూడాలి.

ఏ నమూనా అన్న ప్రశ్నలో చాలామంది బ్యాటరీ, ధర, ఫోన్ యాప్‌ల దగ్గర ఆగిపోతారు. నిజానికి ఎంపికను తేల్చేది రోబో తన హద్దును ఎలా గుర్తిస్తుందన్న విషయమే, దానికి జవాబు మీ పెరట్లోనే ఉంటుంది. పాత పద్ధతిలో పచ్చిక చుట్టూ ఒక సన్నని తీగ పరిచి, అందులో తక్కువ వోల్టేజీ సంకేతాన్ని పంపుతారు. రోబో ఆ సంకేతాన్ని తాకగానే వెనుదిరుగుతుంది, లోపల మాత్రం ఎటుబడితే అటు తిరిగి మొత్తం పూర్తి చేస్తుంది. చెట్ల నీడ, ఎత్తైన గోడలు, పక్క అపార్టుమెంటు, ఇవేవీ దీన్ని ఇబ్బంది పెట్టవు, ధరా తక్కువే. దీని శత్రువులు వేరు: మాలి గునపం, పందికొక్కు పళ్లు. తెగిన చోటును వెతకడం ఓపికతో కూడిన పని, అందుచేత తీగ పాతేటప్పుడే నాలుగు వైపులా ఫొటోలు తీసి పెట్టుకోవాలి.

రెండో పద్ధతి ఉపగ్రహాలది. మామూలు జీపీఎస్‌లో కొన్ని మీటర్ల తేడా రావచ్చు, అది పచ్చికకు పనికిరాదు. అందుకని కదలకుండా ఒకచోట బిగించిన యాంటెన్నా ఆ తేడాను లెక్కించి రోబోకు దిద్దుబాటును పంపుతుంది, దాంతో స్థానం రెండు మూడు సెంటీమీటర్ల వరకు సరిగ్గా తెలుస్తుంది. దీన్నే ఆర్‌టీకే అంటారు. యంత్రం దుక్కి చాళ్లలా వరుసగా కోస్తుంది కాబట్టి పని త్వరగా ముగుస్తుంది, తీగ అక్కర్లేదు. కానీ దీనికి ఆకాశం కనబడాలి. పచ్చికలో నాలుగైదు చోట్ల నిలబడి తల ఎత్తి చూడండి: దిగంతానికీ నడినెత్తికీ సగం ఎత్తు నుంచి పైన ఆకాశం అన్ని వైపులా తెరిపిగా ఉంటే ఈ రకం హాయిగా నడుస్తుంది. మారేడుపల్లి, సైనిక్‌పురిల్లోని పాత ఇళ్లలో మామిడి కొమ్మలు సగం పెరటిని కప్పి ఉంటాయి. కొత్త కాలనీల్లో పక్కనే ఐదంతస్తుల గోడ లేచి ఉంటుంది, ఉపగ్రహ సంకేతం ఆ గోడకు తగిలి తిరిగి వచ్చి లెక్కను తప్పిస్తుంది. ఫామ్‌హౌస్‌లకు మాత్రం నేను మొదట సూచించేది ఇదే. యాంటెన్నాకు డాబా పిట్టగోడ మంచి చోటు.

మూడో పద్ధతిలో కెమెరా గాని, లైడార్ అనే లేజర్ పరికరం గాని ఉంటుంది. లైడార్ చుట్టూ ఉన్న గోడలు, చెట్ల మొదళ్లు, స్తంభాల దూరాలను కొలిచి తన పటం తానే గీసుకుంటుంది; చీకటితో, నీడతో దానికి పని లేదు. నాలుగు వైపులా కాంపౌండ్ గోడ ఉండి పైన చెట్లు కమ్ముకున్న నగరపు పెరటికి ఇది చక్కగా సరిపోతుంది, ఏ ఆనవాలూ లేని మైదానంలో మాత్రం తికమకపడుతుంది. కెమెరా రకాలు వెలుతురులోనే పనిచేస్తాయి. ఇంకో సంగతి: గడ్డి పచ్చదనాన్ని చూసి హద్దు తెలుసుకునే నమూనాలు మే నెలలో గడ్డి ఎండి మట్టి రంగుకు తిరిగినప్పుడు ఏది పచ్చికో, ఏది బాటో పోల్చుకోలేకపోవచ్చు. చల్లని దేశాల పచ్చికల్లో తీసిన ప్రచార వీడియోలు ఈ విషయం చెప్పవు. ఇప్పుడు రెండు పద్ధతులను కలిపిన యంత్రాలు వస్తున్నాయి. సగం నీడ, సగం ఎండ ఉన్న పెరటికి అదనపు ఖర్చు పెట్టదగినవి అవే.

కరెంటు సంగతి విడిగా ఆలోచించాలి. సరఫరా పోగానే తీగలో సంకేతం ఆగిపోయి రోబో ఉన్నచోటే నిలిచిపోతుంది. ఆర్‌టీకే యాంటెన్నాకు కరెంటు లేకపోయినా ఫలితం అంతే. చార్జింగ్ స్టేషన్‌ను, యాంటెన్నాను ఇంట్లోని ఇన్వర్టర్ లైనుకు కలిపితే ఈ బాధ తప్పుతుంది, చిన్న యంత్రాలు వాడే కరెంటు స్వల్పమే. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుములు మొదలుకాగానే ప్లగ్గు తీసి, తీగ కొసలనూ స్టేషన్ నుంచి విడదీయడం అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే పొడవైన తీగ దగ్గరలో పిడుగు పడితే పోయేది స్టేషన్‌లోని సర్క్యూటే. లిథియం అయాన్ బ్యాటరీలను సాధారణంగా 45 డిగ్రీలకు మించిన వేడిలో చార్జ్ చేయకూడదు. మే మధ్యాహ్నం గాలి వేడిమే 40 దాటే మన ఊళ్లో ఎండలో నిలిచిన నల్లని ప్లాస్టిక్ పెట్టె లోపల ఎంత వేడి ఉంటుందో ఊహించవచ్చు. కనుక స్టేషన్‌కు నీడ తప్పనిసరి. ఆర్‌టీకే రకానికి రేకు కప్పితే ఉపగ్రహ సంకేతం అందదు, నర్సరీల్లో వాడే పచ్చని షేడ్ నెట్ కడితే నీడా దొరుకుతుంది, సంకేతమూ ఆగదు.

వాన విషయంలో పెట్టె మీది ఐపీ అంకెను చదవాలి. ఐపీఎక్స్4 అంటే నీటి తుంపరలకు తట్టుకుంటుందని అర్థం, ఐపీఎక్స్5 అంటే పైపుతో కొట్టిన నీటి ధారకు. ఐపీఎక్స్5కు తగ్గినదాన్ని కొనవద్దని నా సలహా, ఎందుకంటే జులై, ఆగస్టుల్లో తడి గడ్డి అడుగున ముద్దలుగా అంటుకుంటుంది, దాన్ని కడగక తప్పదు. అయినా కారు కడిగే ప్రెజర్ పంపును మాత్రం దగ్గరకు రానివ్వకూడదు. చేవెళ్ల వైపు రేగడి నేలలున్నవారు చక్రాల పళ్లు లోతుగా ఉన్నదాన్ని చూసుకోవాలి, నేల బురదగా ఉన్న రోజుల్లో యంత్రాన్ని ఆపేయాలి. లేకపోతే ఒకే దారిలో తిరిగి గాడి పడుతుంది. జూబ్లీహిల్స్ లాంటి గుట్టల మీది ఇళ్లకు వాలు లెక్క ముఖ్యం. ఇందులో శాతాన్ని డిగ్రీగా పొరబడేవారు చాలామంది: 35 శాతం వాలు అంటే సుమారు 19 డిగ్రీలే, 45 శాతం అంటే 24 డిగ్రీలే. మీటరు దూరంలో నేల 35 సెంటీమీటర్లు దిగితే అది 35 శాతం. తడిసిన గడ్డి మీద పట్టు తగ్గుతుంది కనుక, వాలు అంతవరకు ఉంటే నాలుగు చక్రాలకూ మోటారు బలం అందే రకమే తీసుకోవాలి.

భద్రతకు ఐఈసీ 60335-2-107 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం తయారైనదా అని తప్పక అడగాలి. పైకెత్తినప్పుడు బ్లేడ్లు ఆగిపోయే ఏర్పాటు లేనిది ఇంట్లోకి రాకూడదు. ఎన్ని సెన్సార్లు ఉన్నా పిల్లలు ఆడుకునేటప్పుడు, తెల్లవారుజామున చెప్పులు లేకుండా గడ్డిలో నడిచే పెద్దవారు ఉన్నప్పుడు దాన్ని నడపకూడదు. పిల్లలు బడికి వెళ్లాక తొమ్మిది నుంచి పన్నెండు వరకు సమయం నా దృష్టిలో అన్నిటికంటే మంచిది. రాత్రిపూట వద్దు. వానాకాలం రాత్రుల్లో పచ్చిక కప్పలది. జర్మనీలో హెడ్జ్‌హాగ్ అనే ముళ్ల ఒళ్లున్న చిన్న జంతువుల కోసం కొన్ని నగరాలు రాత్రి రోబోలను నిషేధించాయి కూడా. రాలిన వేపపుల్లలు, కొబ్బరి మట్టలు, క్రికెట్ బంతి, వదిలేసిన నీళ్ల పైపు, ఇవన్నీ పొద్దున్నే తీయవలసినవే.

అమెరికాలో ఉన్న అబ్బాయి సూట్‌కేసులో తెస్తానంటే సంతోషించేముందు మూడు విషయాలు చూడండి. అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉండాలి. అక్కడి 120 వోల్టులకే చేసినది మన 230 వోల్టుల ప్లగ్గులో కాలిపోతుంది. 160 వాట్-అవర్లు మించిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల సామానులో అనుమతించరు, 100 నుంచి 160 మధ్య ఉంటే విమాన సంస్థ అనుమతి కావాలి. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే ఈ అంకె వస్తుంది: 20 వోల్టులు, 5 ఆంపియర్-అవర్ల బ్యాటరీ సరిగ్గా 100. మూడోది రేడియో. అమెరికాలో అమ్మే ఆర్‌టీకే యాంటెన్నాలు చాలావరకు 915 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల మాట్లాడతాయి, మన దేశంలో ఇలాంటి చిన్న పరికరాలకు లైసెన్సు అక్కర్లేని పట్టీ 865 నుంచి 868 వరకు, 915 దాని బయటిది.

ఇక్కడే కొనేవారు మరమ్మతు సంగతిని అమ్మేవారి చేత రాయించుకోవాలి. హైదరాబాదులో మనిషి ఇంటికి వస్తాడా, యంత్రాన్ని మరో ఊరికి పంపాలా, బ్యాటరీకి వారంటీ విడిగా ఎన్నాళ్లు, చక్రాల మోటారు ఇక్కడ దొరుకుతుందా అని అడగాలి. బ్లేడ్లు చిన్నవి, నెలా రెండు నెలలకు మార్చవలసినవి కనుక మొదటి రోజే ఏడాదికి సరిపడా తీసుకోండి. ఈ జవాబులు నసుగుతూ వచ్చిన చోట ఎంత తగ్గింపు ఇచ్చినా నేనైతే కొనను. జులైలో యంత్రం మూడు వారాలు సర్వీసు సెంటరులో పడి ఉంటే పెరడు మోకాళ్ల దాకా పెరుగుతుంది.

తెచ్చిన వెంటనే రోబోను పెరిగిన గడ్డిలోకి వదలకూడదు. ముందు మాలి చేత ఒకసారి కోయించి, గుంటలు మట్టితో పూడ్పించి, కోత ఎత్తును గరిష్ఠంగా పెట్టి మొదటి వారం నడపాలి. ఆ తరవాత రెండు మూడు రోజులకు ఐదేసి మిల్లీమీటర్లు తగ్గిస్తూ మీ గడ్డికి తగిన ఎత్తుకు చేరుకోవాలి. ఆ పక్షం రోజులూ యంత్రం ఎక్కడెక్కడ ఆగిందో ముందు గీసిన బొమ్మ మీదే గుర్తు పెట్టండి, తీగనో హద్దునో ఎక్కడ జరపాలో ఆ గుర్తులను బట్టి తెలుస్తుంది.