కీమో పనిచేయడం తగ్గినప్పుడు డాక్టర్ని ఏం అడగాలి

తిరుపతిలో కీమో వార్డు నర్సుగా, అన్నవాహిక క్యాన్సర్ రోగుల ఇంటివాళ్లకి నేను మొదట చెప్పేది: తిండి సంగతి రాసిపెట్టండి. రాగి సంగటి దిగుతోందా, గంజి మాత్రమేనా, వారం వారం బరువెంత. మింగడం మళ్లీ కష్టమైతే వెంటనే చూపించండి, కానీ హడలిపోకండి. రేడియేషన్ తర్వాత అన్నవాహిక ఇరుకైనా అలాగే ఉంటుంది. ఎండోస్కోపీ, సీటీ చూశాకే గడ్డ పెరిగిందో లేదో తెలుస్తుంది.

పెరిగితే, "ఒళ్లు మందుకు అలవాటు పడిందా సిస్టర్?" అంటారు. మారేది ఒళ్లు కాదు, గడ్డలోని కణాలు. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కణంలోని డీఎన్ఏని దెబ్బతీస్తుంది. కొన్ని కణాలు ఆ దెబ్బని బాగుచేసుకుంటాయి, కొన్ని తమలోనే ఉండే ఒక రసాయనం, గ్లుటాథయోన్‌తో మందుని కట్టిపడేస్తాయి. ఇంకో కీమో మందు పాక్లిటాక్సెల్‌నైతే, పడవలోకి వచ్చిన నీళ్లలా, బయటికి తోడేసే కణాలూ ఉంటాయి. అలాంటివి ముందునుంచే కొన్ని ఉండొచ్చు. మిగతావి చచ్చాక అవే పెరుగుతాయి. మీరు పెట్టిన తిండి వల్ల కాదు, దయచేసి ఆ నింద నెత్తిన వేసుకోకండి.

డాక్టర్ని అడగండి: మళ్లీ బయాప్సీ అవసరమా? పీడీ-ఎల్1 (గడ్డ కణాల మీద ఉండే ఒక ప్రొటీన్) పరీక్ష చేశారా? అడినోకార్సినోమా (గ్రంథి కణాల్లో పుట్టే రకం క్యాన్సర్) అయితే హెర్2 అనే ఇంకో ప్రొటీన్ పరీక్ష కూడా. ఇమ్యునోథెరపీయో (ఒంటి రోగనిరోధక శక్తినే గడ్డ మీదకి పంపే చికిత్స) వేరే మందో ఎంచుకోవడానికి ఇవి పనికొస్తాయి. చిత్తూరు నుంచి వచ్చేవాళ్లు పాత మందుల పేర్లు, తేదీలు ఉన్న ఫైలు మర్చిపోవద్దు. నాటుమందు వాడుతుంటే దాచకుండా చెప్పండి.