స్కేలు పట్టుకుని పేపర్ చదవడం

మా చెల్లెలి కూతురు ఉస్మానియాలో జర్నలిజం చదువుతోంది. మొన్న ఆదివారం ఇంటికొచ్చి, "మామయ్యా, మీడియా వ్యాపారం మీద ప్రాజెక్టు రాయాలి, నాలుగు ముక్కలు చెప్పవా" అంది. చేతిలో ఇంటర్నెట్లోంచి తీసిన ప్రింట్ల కట్ట. దాన్ని టీపాయ్ కింద పెట్టించి, మనవడి జామెట్రీ బాక్సులోంచి స్కేలు తెచ్చి ఇచ్చాను. హైదరాబాద్‌లో ఒక తెలుగు దినపత్రిక యాడ్స్ విభాగంలో 26 ఏళ్లు చేశాను. నాకొచ్చిన పాఠం ఇదే.

ముందు ఒకే పేపర్‌వి రెండు రోజుల సంచికలు దగ్గర పెట్టుకోండి. ఒకటి మామూలు మంగళవారంది, ఇంకోటి దసరాకో దీపావళికో అక్షయ తృతీయకో ముందు రోజుది. ఒక పేజీ పొడవు, వెడల్పు కొలవండి. పెద్ద సైజు పేపర్ అయితే సుమారు 52 సెంటీమీటర్లు ఇంటూ 33, అంటే 1,700 చదరపు సెంటీమీటర్లు. యాడ్ రేటు ఈ చదరపు సెంటీమీటరు మీదే ఉంటుంది కాబట్టి కొలతా అందులోనే. ప్రతి యాడ్ చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, నోట్‌బుక్‌లో నాలుగు వరసల్లో రాయండి: దుకాణాలు, కంపెనీలు ఒకటి, ప్రభుత్వ ప్రకటనలు, టెండర్లు రెండు, నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలు మూడు, ఆ పేపర్ తన సొంత ఛానల్‌కో వెబ్‌సైట్‌కో వేసుకున్నవి నాలుగు. ఈ నాలుగో వరసకు డబ్బు రాదు, కూడికలో కలపకండి. మంగళవారం నాలుగో వరస బాగా పొడుగ్గా ఉందంటే ఆ రోజు జాగా అమ్ముడుపోలేదన్నమాట.

ఇప్పుడు పేజీని కింది నుంచి పైకి చూడండి. యాడ్లు కింద కుడిమూల నుంచి మెట్లుమెట్లుగా లేస్తుంటాయి. కంప్యూటర్లు రాకముందు సాయంత్రం నాలుగింటికి నా టేబుల్ మీద ఖాళీ డమ్మీ షీట్లు, అంటే పేజీ నమూనా గీసే కాగితాలు, ఉండేవి. వచ్చిన యాడ్లన్నీ ముందు నేను గీసేవాణ్ణి. మిగిలిన తెల్ల జాగా వార్తలు దిద్ది పేజీలో పెట్టే డెస్క్‌కి వెళ్లేది. సబ్ ఎడిటర్లు నన్ను ముద్దుగా "ఆక్రమణదారుడు" అనేవారు. ఏడింటికి ఇంకో పావు పేజీ యాడ్ వస్తే, పెట్టిన వార్తను పీకి పక్కన పెట్టాల్సిందే. రేపటి పేపర్ 12 పేజీలా 16 పేజీలా అన్నది వార్తల్ని బట్టి తేలదు, ఆ సాయంత్రం నా చేతిలోని రిలీజ్ ఆర్డర్లను, అంటే యాడ్ వేయమని వచ్చిన ఆర్డర్ కాగితాలను, బట్టి తేలేది.

మొదటి పేజీ నిండా యాడ్ కనిపిస్తే కాలం చెడిపోయిందని నిట్టూర్చకండి. 'ది హిందూ' 1958 దాకా మొదటి పేజీలో యాడ్లే వేసింది, వార్తలు లోపల ఉండేవి. కొత్తగా వచ్చింది పేపర్‌కి పైన చుట్టే ఈ యాడ్ పేజీకి పెట్టిన జాకెట్ అనే పేరూ, దాని రేటూ.

తర్వాత పేపర్‌ని తూకం వేయండి. వంటింటి త్రాసు చాలు. న్యూస్‌ప్రింట్ చదరపు మీటరుకు దాదాపు 45 గ్రాములు ఉంటుంది, కాబట్టి 16 పేజీలు 60 గ్రాముల పైచిలుకు తూగుతాయి. కిలో కాగితానికి పదహారు పేపర్లు. మీరిచ్చే ధరలోంచి ఏజెంటు కమీషన్, పేపర్ వేసే కుర్రాడి వాటా తీసేసి, మిగిలిన దాన్ని కాగితం ఖర్చు పక్కన పెట్టి చూడండి. సిరా, కరెంటు, వ్యాన్లు, జీతాలు అప్పటికి ఇంకా కలపలేదు. కాగితంలో చాలా భాగం దిగుమతే. 2019లో దాని మీద 10 శాతం సుంకం వేసినప్పుడు పత్రికలన్నీ గగ్గోలు పెట్టాయి, మరుసటి ఏడాది 5 శాతానికి తగ్గించారు. నెలాఖరుకు పాత పేపర్లు కొనేవాడికి వేసినప్పుడు మీ చేతికొచ్చే డబ్బు కూడా నోట్‌బుక్‌లో రాసుకోండి, నవ్వొస్తుంది.

అయితే పేపర్ నడవడానికి డబ్బెక్కడిది? కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో అమృతాంజనం పెట్టాకే, 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక మొదలుపెట్టారు. తలనొప్పి మందు అమ్మిన డబ్బు పత్రికకు అండ. ఇక్కడి నుంచి 1974కి దూకండి. అప్పటికి విశాఖపట్నానికి పేపర్లు విజయవాడ నుంచి వచ్చేవి, పొద్దెక్కాక గానీ చేతికందేవి కావు. ఆ ఏడాది ఆగస్టు 10న ఈనాడు అక్కడే అచ్చు మొదలుపెట్టింది. వార్త కన్నా ముందు వేళను అమ్మారన్నమాట. 1989లో జిల్లా టాబ్లాయిడ్లు, అంటే జిల్లాకొకటిగా చిన్న సైజు అనుబంధాలు, తెచ్చారు. ఖమ్మంలో బట్టల కొట్టాయన రాష్ట్రమంతా యాడ్ ఇవ్వలేడు, జిల్లా వరకైతే ఇవ్వగలడు. అతను యాడ్ ఇవ్వాలంటే అతని ఊళ్లో పేపర్ చదవాలి, చదవాలంటే ఆ ఊరి పేరు పేపర్లో రావాలి. మండలానికో విలేకరి అలా పుట్టాడు. జీతం అంతంతమాత్రం, పైగా ఉగాదికీ పంద్రాగస్టుకీ శుభాకాంక్షల యాడ్లు తెమ్మని టార్గెట్. సర్పంచ్ దగ్గర యాడ్ తీసుకున్న చేత్తోనే అతని మీద వార్త ఎట్లా రాస్తాడో మీరే ఆలోచించండి.

వేయని వార్తను స్కేలుతో కొలవలేం. ఒకసారి ఒక ప్లాట్ల వెంచర్ వాళ్లు అర పేజీ యాడ్ ఇచ్చారు. అదే వెంచర్ భూమి మీద తగాదా ఉందని మా డెస్క్ దగ్గర వార్త సిద్ధంగా ఉంది. "వారం ఆగుదాం" అన్నది నేనే. యాడ్ వచ్చింది, చెక్కు బౌన్సయింది, వార్త మూడు వారాల తర్వాత తొమ్మిదో పేజీలో నాలుగు లైన్లు వచ్చింది. అందుకే పెద్ద యాడ్ ఇచ్చిన కంపెనీ పేరు రాసుకుని, అదే నెలలో వేరే రెండు పేపర్లలో ఆ కంపెనీ గురించి ఏం వచ్చిందో వెతకమంటాను.

టీవీకి స్కేలు బదులు ఫోన్లో స్టాప్‌వాచ్. గంటకు 12 నిమిషాలకు మించి యాడ్లు ఉండకూడదని కేబుల్ టీవీ నిబంధనల్లో ఉంది. రాత్రి తొమ్మిదింటికి మీరే లెక్కపెట్టండి.

చివరగా యజమాని ఎవరో చూడాలి. ఆఖరి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడి పేర్లుంటాయి. 1867 నాటి చట్టం పెట్టిన అలవాటు అది. దాని స్థానంలో 2023లో కొత్త చట్టం చేశారు. అంతకన్నా విలువైనది పాత ఫైళ్లలో ఉంటుంది. ఏటా ఫిబ్రవరి అయిపోగానే వచ్చే సంచికలో ఫారం-4 అని ఒక ప్రకటన వేసేవారు. యజమాని ఎవరు, ఒక శాతానికి మించి వాటా ఎవరెవరిది అన్నీ అందులో ఉంటాయి. వరసగా ఇరవై ఏళ్ల మార్చి మొదటి వారాలు చూస్తే పత్రిక చేతులు మారిన తీరంతా అర్థమవుతుంది.

దీనికి అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి గానీ, సుల్తాన్ బజార్లో ఉన్న, 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి గానీ వెళ్లి పాత ఫైళ్లు అడగండి. పాత పాంటు వేసుకోండి, ధూళి వదలదు. స్కేలు ప్లాస్టిక్‌ది పట్టుకెళ్లండి, స్టీలుదైతే దాని అంచు తగిలితే చాలు, ఆ పాత కాగితం చిరిగిపోతుంది.