గుంటూరు డాబా మీద లక్సర్ గోడ

ఈజిప్టు అనగానే మా ట్యూషన్ పిల్లలు పిరమిడ్, మమ్మీ అంటారు. అక్కడ రొట్టెలు కాల్చినవాళ్లు, ఇటుకలు కోసినవాళ్లు ఎక్కడ ఉండేవారో చూపిద్దామని మే సెలవుల్లో ఈ గోడ కట్టించాను.

2020 సెప్టెంబరులో ఈజిప్టు పురావస్తు శాస్త్రవేత్త జాహీ హవాస్ బృందం అక్కడి లక్సర్ నగరంలో, నైలు నది పడమటి ఒడ్డున, టూటన్‌ఖామున్ రాజు గుడి కోసం తవ్వితే మూడో అమెన్‌హోటెప్ రాజు కాలపు ఊరు బయటపడింది. కొన్ని గోడలు 3 మీటర్ల ఎత్తున నిలిచే ఉన్నాయి. బేకరీ ఉంది, ఇటుకలు కోసిన చోటు ఉంది, మెలికలు తిరిగిన ప్రహరీ ఉంది. మనం కట్టేది ఆ ప్రహరీనే.

మట్టి దగ్గర నేను పప్పులో కాలేశాను. చేలోని నల్లరేగడి తెచ్చాను. మర్నాటికి ఇటుకలన్నీ నెర్రెలు! అక్కడివాళ్లు వాడింది నైలు ఒండ్రు. అందుకని సీతానగరం వెళ్లి, కృష్ణ ఒడ్డున అరబస్తా ఒండ్రు స్కూటర్ మీద వేసుకొచ్చాను. మూడు వంతుల ఒండ్రుకి ఒక వంతు ఇసుక, వేలి కణుపంత తరిగిన వరిగడ్డి నాలుగు గుప్పెళ్లు. నీళ్లు పోసి తొక్కించండి (ఈ పని పిల్లలకి రెండోసారి చెప్పక్కర్లేదు). తడిగోనె కప్పి రాత్రంతా నాననివ్వండి. పొద్దున పూర్ణం ఉండలా చేతిలో నిలవాలి, వేళ్ల సందుల్లోంచి జారకూడదు.

అచ్చుకి అడుగులేని చిన్న చెక్కపెట్టె చాలు: 3 అంగుళాల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటి ఎత్తు. నీళ్లలో ముంచి, మట్టి గట్టిగా కొట్టి, స్కేలుతో పైన గీసి, అచ్చు నిదానంగా ఎత్తండి. ఇలా ఎనభై కావాలి.

ఇక ముద్ర. ఊరి కాలం తేల్చినవాటిలో అక్కడి ఇటుకల మీది రాజు ముద్ర కూడా ఒకటి. సగం బంగాళాదుంప మీద కోలగా గీత గీసి, లోపల పైన సూర్యుడు, మధ్యలో కూర్చున్న మాఅత్ దేవత, కింద బుట్ట చెక్కండి. అదే అమెన్‌హోటెప్ సింహాసన నామం (గద్దెనెక్కాక పెట్టుకున్న పేరు), నెబ్‌మాఅత్‌రే. మావాడి చేతిలో మాఅత్ పొదిగే కోడిలా తేలింది, దాన్నే వాడేశాం. ఇటుక కోసిన గంటకి, దుంపకి నూనె రాసి నొక్కండి. వెంటనే నొక్కితే మట్టి అంటుకొస్తుంది.

ఒకరోజు నీడన, తర్వాత పక్కకి తిప్పి మూడ్రోజులు ఎండలో.

పోల్చి చూడ్డానికి రెండు గోడలు కడదాం: డాబా మీద సుద్దతో ఒక తిన్నని గీత, ఒక పాము మెలిక గీయండి. ఒక్కో వరసకి ఎనిమిది ఇటుకలు, ఐదేసి వరసలు, మధ్యలో అదే మట్టి. ఆరాక రెండింటినీ ఒకే బలంతో తోయండి. మా తిన్న గోడ ఒక్క వేలికే పడిపోయింది, మెలికల గోడకి అరచెయ్యి కావలసొచ్చింది.

టార్పాలిన్ మాత్రం దగ్గర పెట్టుకోండి. లక్సర్‌లో వాన పడేది బహు అరుదు. మాకు నాలుగో రోజు సాయంత్రమే గాలివాన వచ్చింది.