వానాకాలంలో తువ్వాలు ఆరకపోవడం, స్నానాలగదిలో చెమ్మ: సమస్యలు, పరిష్కారాలు

విశాఖపట్నం వంటి తీర నగరాల్లో వానాకాలమంతా బయటి గాలిలోనే తేమ ఎక్కువ కనుక, డక్టు వైపు చిన్న వెంటిలేటరు మాత్రమే ఉన్న అపార్టుమెంటు స్నానాలగదిలో తువ్వాలు దానంతట అది ఆరుతుందని ఆశించడం తగదు.

సమస్య: పొద్దున వాడిన తువ్వాలు రాత్రికీ చెమ్మగానే ఉంటుంది

బట్టను ఆనుకొని ఉన్న గాలి ఆవిరితో నిండిపోయాక, ఆ గాలి కదిలితే తప్ప మిగిలిన తడి పోదు. కొక్కేనికి తగిలించిన తువ్వాలు ముడుచుకుపోవడం వల్ల లోపలి మడతలకు గాలి అసలే అందదు. కిటికీ తెరిచిన గదిలో, సీలింగ్ ఫ్యాను కింద, ఒంటి పొరగా పరిచి ఆరవేయాలి. ఈ నాలుగు నెలలూ మందపాటి టర్కీ తువ్వాళ్లను పక్కన పెట్టి పలుచని నూలు తుండ్లు వాడడమే అన్నిటికన్నా మేలని నా అభిప్రాయం.

సమస్య: ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతున్నా అద్దం మీద ఆవిరి తగ్గదు

ఎంత గాలి బయటికి పోవాలో అంత గాలి లోపలికీ రావాలి. తలుపు నేలకు ఆనుకొని ఉంటే ఫ్యాను ఊరికే తిరుగుతుంది. ఫ్యాను పక్కనే వెంటిలేటరు తెరిచి ఉంటే, అక్కడ దూరిన గాలి గదిని తాకకుండా అక్కడినుంచే వెళ్లిపోతుంది. ఫ్యాను వేసి, తలుపు మూసి, బయటి నుంచి దాని కింద అగరువత్తి వెలిగించి చూడండి. పొగ లోపలికి వాలకపోతే, వడ్రంగి చేత తలుపు అడుగున సుమారు 2 సెంటీమీటర్లు కోయించి, ఫ్యాను వేసినప్పుడు వెంటిలేటరు మూయాలి. స్నానం కాగానే గోడలనూ నేలనూ వైపరుతో లాగేస్తే, తూములోకి పోయిన నీరు ఆవిరిగా మారే అవసరమే ఉండదు. ఆపైన ఫ్యాను అరగంట తిరిగితే చాలు.

సమస్య: ఉతికిన తువ్వాలు తడవగానే మళ్లీ ముక్కిపోయిన వాసన వేస్తుంది

ఈ వాసనకు ప్రధాన కారణం మొరాక్సెల్లా ఆస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా అని జపాన్ పరిశోధకులు 2012లో తేల్చారు. అది ఎండబెట్టినా తట్టుకోగలదు. 60 డిగ్రీల వేడినీటిలో ఉతికి, ఆలస్యం చేయకుండా ఆరవేయాలి. ఫాబ్రిక్ కండిషనరు నూలుపోగులపై పొరగా మిగిలి తడి పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది కాబట్టి తువ్వాళ్లకు దాన్ని మానేయాలి.

సమస్య: గోడ మీద నల్ల మచ్చలు, ఉబ్బిన పెయింటు

ముందుగా మచ్చ పక్కన పొడిగా తుడిచిన చోట పాలిథీన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచాలి. ఆ ముక్క వెనుక, గోడ వైపు తడి చేరితే అది పైపు లీకు గానీ పై ఫ్లాటు నుంచి దిగుతున్న నీరు గానీ కావచ్చు. ప్లంబరును పిలవక తప్పదు. పైవైపే తడిస్తే అది గదిలోని ఆవిరి. అప్పుడు బ్లీచింగ్ పౌడరు నీటితో బూజు కడగవచ్చు గానీ, దానిలో టాయిలెట్ యాసిడ్‌ను ఎన్నడూ కలపకూడదు. ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.